చిన్న చిన్న సంతోషాలు సరిపోతాయా? అది సర్దుకుపోవడమా?

వైట్‌ఫీల్డ్ వాసి:
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇలా రాశారు: "ఊళ్ళు తిరగక్కర్లేదు, పండగలకు పరిగెత్తక్కర్లేదు. రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి అన్నం తింటే అంతకు మించిన ఆనందం లేదు." అందరూ దండాలు పెట్టేశారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరి, నిద్రతో తూగుతున్న పిల్లాడి పక్కన కూర్చుని గబగబా పెరుగన్నం తినడం ఆనందం ఎలా అవుతుంది? ఆనందమంటే మా ఊళ్ళో సంక్రాంతి. మేనత్తలు, పెదనాన్న పిల్లలు, రాత్రయితే మేడ మీద వరసగా పరుపులు, ఎవరో ఒకరు పాత సంగతి ఎత్తుకుంటే తెల్లవారుజాము దాకా నవ్వులు. ఇప్పుడు అక్కడికి చేరాలంటే తలప్రాణం తోకకొస్తోంది. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందే తెరిచేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గించారు. తెరిచిన రోజు పొద్దున 8 గంటలకు ఫోను పట్టుకుని కూర్చున్నా కాకినాడ వైపు పండగ టిక్కెట్లు చేతికందవు. దాంతో చాలామంది వెళ్ళడమే మానేశారు. మానేసి, చిన్న సంతోషాలు చాలు అంటున్నారు. ఇది నిజంగా సంతోషమా, దక్కనిదాన్ని వద్దనుకోవడమా? మీరేమంటారు?

కోరమంగళ పీజీ:
అన్నా, నాకు ఈ ఊళ్ళో బంధువులెవరూ లేరు. నాది నెల్లూరు, రూమ్మేట్‌ది గుంటూరు. ఆఫీసు అయ్యాక ఇద్దరం సందు చివర దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) "బై టూ" చెబుతాం. బెంగళూరు రానివాళ్ళ కోసం చెబుతున్నా, అంటే ఒక్క కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకోవడం. ఇక్కడ దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. కుర్చీలుండవు, బల్ల చుట్టూ నిలబడి తాగడమే. స్టీలు గ్లాసు చెయ్యి కాలుస్తుంది కాబట్టి మొదటి రెండు నిమిషాలు తాగడం కుదరదు, మాట్లాడుకోవాల్సిందే. వాడి చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు సంగతి, నా ప్రాజెక్టు ఎత్తేస్తున్నారన్న సంగతి అక్కడే బయటికొచ్చాయి.

సంక్రాంతికి కలిసే మా పెద్దమ్మ కొడుకు "ఎలా ఉన్నావురా" అంటే "బాగున్నా" అనేస్తాను. రూమ్మేట్‌తో అలా అనలేను. నిన్న ఎలా ఉన్నానో వాడికి తెలుసు.

లెక్కల మాస్టారు:
దీని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంత పరిశోధన చేశారు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అమెరికాలో పెద్ద లాటరీ తగిలిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూసింది. లాటరీ తగిలినవాళ్ళు మిగతావాళ్ళకన్నా పెద్దగా సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి టిఫిను, ఒక మంచి జోకు లాంటివాటిలో వాళ్ళకు దొరికే ఆనందం తక్కువ. 1991లో ఎడ్ డీనర్, ఆయన సహచరులు ఇంకో సంగతి రాశారు. మనిషి సంతోషంగా ఉన్నాడా లేదా అన్నది ఎంత గొప్ప సంతోషం కలిగిందన్నదానికన్నా, ఎన్నిసార్లు కలిగిందన్నదాన్ని బట్టి తెలుస్తుందట.

2004లో డేనియల్ కానెమన్ బృందం టెక్సాస్‌లో ఉద్యోగం చేసే 909 మంది ఆడవాళ్ళను, నిన్నటి రోజంతా ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో రాయమంది. స్నేహితులతో గడిపిన సమయం పై వరసలో వచ్చింది, ఆఫీసుకు వెళ్ళొచ్చే ప్రయాణం అట్టడుగున. మన సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఆగిపోయినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఏడాదికొక్క సంక్రాంతి మీదే భారమంతా వేస్తే మిగతా రోజులేం కావాలి?

హొరమావు అమ్మ:
మాస్టారూ, ఆ 2004 పరిశోధనలో ఇంకో మాట ఉంది, అది కూడా చెప్పండి. పిల్లల పనులు చూసుకునే సమయం కూడా బాగా కిందనే ఉంది, ఇంటి పనికి కాస్తంత పైన. పిల్లలంటే ప్రేమ లేక కాదు. ఆ సమయమంతా పనే కాబట్టి.

"కుటుంబంతో చిన్న సంతోషం" అని మీరంతా రాస్తున్నారు, అది ఎవరి చేతుల మీదుగా తయారవుతోందో ఎవరూ అడగడం లేదు. మా ఇంట్లో ఆదివారం అంటే దోసెలు. పెనం మీద ఒకటి వేసి, తిప్పి, వేడి చల్లారకుండా హాల్లోకి పట్టుకెళ్ళి, వెనక్కి వచ్చేసరికి ఇంకోటి మాడుతూ ఉంటుంది. హాల్లోంచి నవ్వులు వినిపిస్తాయి. ఎందుకు నవ్వుతున్నారో కనుక్కుందామని నేను ప్లేటు పెట్టుకుని వెళ్ళేసరికి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఆఖరి దోసె నేనొక్కదాన్నే కూర్చుని తింటాను. ఇది ఒక్క మా ఇంటి కథ అనుకోను.

ఇప్పుడు దోసెలు మానేసి ఇడ్లీ పెడుతున్నాను. ఒకే వాయికి అందరికీ సరిపోతుంది, కుక్కరు దించాక నేనూ వాళ్ళతోపాటే కూర్చుంటాను. చట్నీ మా ఆయన రుబ్బుతారు. పిల్లలు దోసె అడుగుతారు, అయినా సరే. నేను పక్కన లేని సంతోషాన్ని మా కుటుంబ సంతోషం అనకండి.

బనశంకరి బాబాయి:
అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇంకోవైపు నుంచి చెబుతాను. మేం 1980ల్లో వచ్చినప్పుడు ముగ్గురు స్నేహితులం నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇళ్ళు తీసుకున్నాం. చిన్న ఇళ్ళే. ఉప్పు అయిపోతే పక్కింటికి వెళ్ళడం, అక్కడే గంట కూర్చోవడం. ఇప్పటివాళ్ళు ఇల్లు చూసేటప్పుడు ఎన్ని గదులు, క్లబ్ హౌస్ ఉందా అని అడుగుతున్నారు. ఆ ఇల్లు ఎవరికి దగ్గర అని అడగడం లేదు. చిన్న సంతోషం దానంతటది రాదు నాయనా, మనుషులు అందుబాటులో ఉండాలి.

ఇక పెద్దది, చిన్నది అని విడదీయడం ఎందుకు? కార్తీక మాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో పెద్ద బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె జరుగుతుంది. దారి పొడవునా వేరుశనగ కుప్పలు, మన ఆంధ్రా వైపు నుంచి కూడా రైతులు తెస్తారు. ఊరంతటికీ అది జాతర. మాకు మాత్రం ఒక పొట్లం కాయలు కొనుక్కుని, ఒలుచుకుంటూ నడవడం. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ మీదుగా నేరుగా వెళ్ళే మెట్రో 2023 అక్టోబరు నుంచి ఉంది. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారి నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగండి. పిల్లాడిని తీసుకుని రండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
తప్పకుండా వస్తాం బాబాయి గారూ. కానీ నా అసలు మాట అలాగే ఉంది. చిన్న సంతోషాలకైనా టైము కావాలి కదా. 2024 జులైలో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల పని రోజుకు 14 గంటల దాకా పొడిగించుకునేలా చట్టం మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. ఉద్యోగ సంఘాలు గట్టిగా ఎదిరించాయి. ఉన్నదాంతో చాలనుకునే అలవాటు పడితే ఇలాంటివి వచ్చినప్పుడు మన నోరు లేవదు. నాకు పావుగంట చాలు అని మనమే చెబితే, ఆ పావుగంటే మిగులుస్తారు. లీవు అడగడం, ఊరెళ్ళడం మానకూడదు అంటున్నాను.

హొరమావు అమ్మ:
పని గంటల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. సంక్రాంతి విషయంలో మాత్రం ఒక్కటి అడగాలి. మేడ మీద ఆ పరుపులు వేసిందెవరు? పొద్దున్నే అంతమందికి కాఫీలు కలిపిందెవరు? ఆ పండగలో సంతోషం ఎప్పుడు దొరికిందో మీ అమ్మగారిని అడిగి చూశారా?

వైట్‌ఫీల్డ్ వాసి:
మీరు రాశాక అమ్మకు ఫోన్ చేసి అడిగాను. మేమంతా బయల్దేరి వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, పెద్దమ్మా తనూ అరుగు మీద కూర్చుని తాగే కాఫీ అంది. "ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదు కదరా" అంది.

ఇది మీ మాటకు బలమే, ఒప్పుకుంటాను. కానీ పెద్దమ్మ ఉండేది విజయనగరంలో. పండగే లేకపోతే మా ఊరికి వచ్చేదే కాదు. ఆ కాఫీ కూడా సంక్రాంతి పెట్టిందే. అందుకే పెద్దవాటిని వదులుకోవద్దంటున్నాను.

కోరమంగళ పీజీ:
అయితే ఈసారి లీవు పెట్టారా అన్నా?

వైట్‌ఫీల్డ్ వాసి:
పెట్టాను. మేనేజర్ ఇంకా ఏమీ చెప్పలేదు. టిక్కెట్లు తెరవడానికి ఇంకా టైముంది.

హొరమావు అమ్మ:
వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. భోగి నాటి టిఫిను మాత్రం మీ అన్నదమ్ములంతా కలిసి చేయండి. ఆవిడ కాఫీ కోసం మీరంతా బయల్దేరేదాకా ఆగక్కర్లేదు.

వైట్‌ఫీల్డ్ వాసి:
మా పెదనాన్న మగవాళ్ళు వంటింట్లోకి వెళ్తే ఊరుకునే మనిషి కాదు. అయినా చేస్తాం. ఉప్మా నాకొచ్చు.