‘ఫిరంగి’ని కొట్టేయకండి

నిన్న ఇక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడల యుద్ధం గురించిన పేరా ఒకటి వచ్చింది. అందులో ‘ఫిరంగి’ పరాయి మాట, దాన్ని తీసేసి ‘శతఘ్ని’ పెట్టమన్నారు ఒకరు, అదైతే అచ్చమైన మాట అని. నాకు మనసొప్పలేదు.

శతఘ్ని మంచి మాటే. సుందరకాండలో శతఘ్నులు, శూలాలు లంకానగరానికి జుట్టులా ఉన్నాయంటాడు వాల్మీకి. కానీ అక్కడ మందుగుండు లేదు. ఈ పేరాలో ఉన్నది 1778 జూన్ 17, ఫ్రాన్సులోని బ్రిటనీ తీరం. ఇంగ్లీషువాళ్ల ఓడ ‘అరెథ్యూసా’ వచ్చి, మా అడ్మిరల్ దగ్గరికి నడవమని ఫ్రెంచివాళ్ల ఓడ ‘బెల్ పూల్’కి చెప్పింది. బెల్ పూల్ కెప్టెన్ లా క్లోషెట్రీ రానన్నాడు. అంతే, మొదలైంది. సాయంత్రం పట్టుకున్న పోరు రాత్రి దాకా సాగి, అరెథ్యూసా పెద్ద తెరచాప కొయ్య విరిగిపోయింది, బెల్ పూల్‌లో చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి వంద దాటారు. రెండు దేశాల మధ్య యుద్ధం ఆ రోజే మొదలైనట్టు లెక్క రాసుకున్నాడు ఫ్రెంచి రాజు. పారిస్‌లో ఆడవాళ్లు జుట్టు మీద తెరచాపలతో సహా ఓడ బొమ్మ నిలబెట్టుకున్నారు, ఆ కొప్పుకి ‘బెల్ పూల్’ అనే పేరు.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. ఫ్రాంకులు అనే జాతి పేరు నుంచే ఫ్రాన్సుకి ఆ పేరు. అరబ్బులు, పారశీకులు ఆ పేరునే పడమటి ఐరోపావాళ్లందరికీ పెట్టి ‘ఫరంగీ’ అన్నారు. అది మన దాకా వచ్చేసరికి మనిషి వెనక్కి పోయి, వాడు తెచ్చిన ఆయుధం ముందుకొచ్చింది. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం చెప్పే ‘ఫిరంగ రోగం’ (సిఫిలిస్) కూడా ఆ ఇంటి మాటే. ఫ్రెంచివాళ్లని విడిగా చెప్పాల్సి వస్తే మనకి ‘పరాసులు’ ఉంది, పోర్చుగీసులకి బుడతకీచులు, డచ్చివాళ్లకి వలందులు ఉన్నట్టు. అంటే పాత అర్థంలో ఆ రాత్రి రెండు ఓడల మీద ఉన్నవాళ్లూ ఫిరంగులే, వాళ్ల చేతిలో పేలినవీ ఫిరంగులే! ఇంత కథ మోస్తున్న మాటని పరాయిదని కొట్టేస్తే ఎలా చెప్పండి?

ఇంకొకటి, అదే పేరాలో ‘ఓడలు ఢీకొన్నాయి’ అని రాశారు. ఢీకొంటే ఒకదానికొకటి తగలాలి. ఇవి పక్కపక్కన సాగుతూ గుళ్లు కురిపించుకున్నాయి, కాబట్టి ‘తలపడ్డాయి’ అనండి.

తెరచాప కొయ్యకి మీ ఊరి పడవలవాళ్లు ఏమంటారో తెలిసినవాళ్లు కింద రాయండి, నాకు చాలా అవసరం.