తోలుబొమ్మల పనిలో సొంత గీత: చిన్నాయనను నొప్పించకుండా ఎట్ల మొదలుపెట్టాల?

బొమ్మలవీధి (అనంతపురం):
తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి పద్ధతిలో తోలు పని చిన్నాయన దగ్గర నేర్చుకుంటున్నా. రాముడు, హనుమంతుడు, నెమళ్లే కాకుండా మన చెనిక్కాయ చేను, గొర్రెల మంద తోలు ల్యాంప్‌షేడ్ మీదికి తేవాలని ఉంది. "ఆ గీత మనది కాదురా" అంటాడు. తోలు పాడుచేయకుండా, ఆయన మనసు కష్టపెట్టకుండా ఎట్ల? అమ్ముడుపోతే లెక్క ఎట్ల పంచుకోవాల?

ఉలిచప్పుడు:
తమ్ముడూ, పెద్దల కోపంలో సగం తోలు దండగవుతుందనే భయమే. మనిషెత్తు బొమ్మకు మూడు నాలుగు మేకతోళ్లు పడతాయి. కాబట్టి ల్యాంప్‌షేడ్ జోలికి ఇప్పుడే పోవద్దు. తడితోలును ఫ్రేముకు కుట్టి ఆరబెడితే బిగుసుకుంటుంది, తర్వాత తప్పు జరిగితే మొత్తం విప్పాల్సిందే. పెద్ద బొమ్మ కోయగా మిగిలిన జానెడు ముక్క చాలు.

కాగితం మీద అదే సైజులో గీసి తోలు కింద పెట్టు, గీత పైకి కనపడుతుంది. లోపలి చిల్లులు ముందు, చుట్టూ కోత ఆఖర్న. అంచు ముందే కోస్తే ముక్కకు పట్టు పోయి ఉలి జారుతుంది. రెండు చిల్లుల మధ్య కనీసం ఒక చిల్లు వెడల్పు తోలు వదలాల. కోసుగా మూల వచ్చినచోట గుండ్రటి చిల్లుతో ఆపు, లేదంటే చీలిక అక్కడే మొదలవుతుంది. మొద్దుబారిన ఉలి అంచును నలిపేస్తే రంగు అక్కడ చేరి మచ్చ పడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం తోలు పెళుసుగా ఉంటుంది, పొద్దున్నే కూర్చో.

రంగు రెండు పక్కలా వేయాల. ఒక పక్కే వేస్తే దీపం ముందర వెలవెలపోతుంది. నీళ్లు ఎక్కువైతే తోలు ఉబ్బి ముడతలు పడుతుంది.

అసలు సంగతి ఇంకోటి. కొత్త ఉలులు కొనొద్దు. హారాలకు, పంచె అంచులకు మీ చిన్నాయన కొట్టే చిల్లులతోనే చేను అల్లు. చెనిక్కాయ ఆకుకు నాలుగు రెక్కలు, అంటే నాలుగు బొట్టు చిల్లులు. గొర్రె బొచ్చుకు నెలవంక చిల్లులు వరసగా. బొమ్మ కొత్తదైనా చెయ్యి ఆయనదేనని చూడగానే తెలుస్తుంది.

చిత్రావతిగట్టు:
"గీత మనది కాదు" అన్నమాట మొండితనం కాదు నాయనా. తెర మీద నీడ పడగానే రాముడెవరో, రావణుడెవరో వెనక వరస జనానికి తెలియాల. ఆ రూపురేఖలను కాపాడటం ఆయన బాధ్యత. వాటిని ముట్టుకోకు. కానీ అదే ఆటలో నవ్వించే పాత్రలు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కథ మధ్యలో దూరి ఊరి సంగతులన్నీ మాట్లాడేస్తారు. నీ మంద, నీ చేను వాళ్ల చోటులోకి వచ్చేవి. అట్లే చెప్పు. ల్యాంప్‌షేడ్ కూడా తాతల కాలంలో లేదు, ఆటకు జనం తగ్గాకే వచ్చింది. ఇది వాదనగా అనొద్దు, ఆయన నోటితోనే రానీ.

ఆయన ఉలి పట్టుకున్నప్పుడు, గిరాకీ ముందు అడగొద్దు. పొద్దుగుంకాక పూర్తయిన ముక్కను బల్బు ముందర పట్టి "తప్పెక్కడుంది చిన్నాయనా?" అను. "బాగుందా?" అంటే ఊ అనో ఊహూ అనో ఊరుకుంటాడు. తప్పు అడిగితే ముక్క చేతిలోకి తీసుకుంటాడు.

లెక్కలపుస్తకం:
డబ్బు మాట అమ్మకముందే తేల్చుకోండి. తోలు, రంగులు, ఫ్రేము ఖర్చు ముందు పక్కన తీయాల. మిగిలింది ఎవరెన్ని రోజులు కూర్చున్నారో దాన్నిబట్టి. తోలు నానబెట్టి గీకి శుభ్రం చేసిన ఆడవాళ్ల రోజులు తప్పకుండా రాయండి, ఇండ్లల్లో ఎప్పుడూ ఎగిరిపోయే పద్దు అదే. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కళ పేరును కాపాడుతుంది, నువ్వు గీసిన గీతను కాదు. నీ కాగితం చిత్తులు తేదీ వేసి దాచుకో.

బొమ్మలవీధి:
సంతోషం అన్నా, అక్కా. ఆకు నాలుగు రెక్కలూ కాడ దగ్గర కలుస్తాయి కదా, అక్కడ తోలు తెగిపోదా?

ఉలిచప్పుడు:
కలపొద్దు. నడుమ వడ్లగింజంత తోలు వదిలి, కాడను ఆకుపచ్చ గీతగా రంగుతోనే వెయ్యి.