మీడ్‌కి 17 టెస్టులు, ఊలీకి 64: ఇదేం లెక్క?

స్కోరుబుక్కు: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్ కౌంటీ (అక్కడి జిల్లా జట్ల) క్రికెట్ అనగానే హాబ్స్, హామండ్, ఊలీ అంటారు. హాంప్‌షైర్ ఫిల్ మీడ్ పేరు ఎవరూ ఎత్తరు. ఒకే జట్టుకి 48,892 పరుగులు చేశాడు, ప్రపంచంలో ఇంకెవరికీ అన్ని లేవు. సెంచరీలు 153, కెంట్ ఊలీవి 145. ఇద్దరూ ఎడమచేతి వాళ్ళే. సగటు మీడ్‌ది 47, ఊలీది 40. మరి టెస్టులెందుకు ఇవ్వలేదు?

కవర్‌డ్రైవ్: ఊలీ 2,068 వికెట్లు కూడా తీశాడు. మర్చిపోయారా, కావాలనే వదిలేశారా?

స్కోరుబుక్కు: బ్యాటింగ్ గురించి అడిగితే బౌలింగ్ చెప్తారేంటి? టెస్టుల్లో కూడా మీడ్ సగటు 49, ఊలీది 36. అసలు కారణం వేరే. మీడ్ డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్. డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ దొరలు ఒక గేటులోంచి, వీళ్ళు ఇంకో గేటులోంచి గ్రౌండ్‌లోకి వచ్చే రోజులవి.

గోదారిగట్టు: ఊలీ కూడా ప్రొఫెషనలే కదండీ. హాబ్స్, సట్‌క్లిఫ్, హెండ్రెన్ కూడా.

లెగ్‌బై: 1932లో మన సి.కె. నాయుడు ఎడ్జ్‌బాస్టన్‌లో రీ నది దాటించాడంటారే, ఆ సిక్స్ సంగతి ఎవరైనా చెప్పండి.

కవర్‌డ్రైవ్: నాయుడు గారికి వేరే థ్రెడ్ పెట్టండి. స్కోరుబుక్కు గారూ, మీ గేటు కథ తేలిపోయింది. మీడ్ ప్రతి బంతికీ టోపీ ముట్టుకుని, బ్యాట్ నేలకి తాటించి, చిన్న చిన్న అడుగులేసి అప్పుడు ఆడేవాడు. చూసేవాడికి ఓపిక ఉండొద్దూ? 1921 లార్డ్స్‌లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్లు గ్రెగరీ, మెక్‌డొనాల్డ్‌ల మీద ఊలీ 95, 93 కొట్టాడు. సెంచరీ లేకపోయినా ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

స్కోరుబుక్కు: ఆ మ్యాచ్ ఓడిపోయారు. అదే సిరీస్, ఓవల్‌లో మీడ్ 182 నాటౌట్.

కవర్‌డ్రైవ్: అప్పటికే సిరీస్ పోయింది.

స్కోరుబుక్కు: మీలాంటి వాళ్ళు నాకు బాగా తెలుసు. మా జిల్లా సెలెక్షన్లలో ఎక్కువ పరుగులు నావి. సెలెక్టర్ ఒకాయన "నీ ఆట చూడ్డానికి బాగోదు" అని, ఇరవై పరుగులు దాటని కుర్రాణ్ణి తీసుకున్నాడు.

గోదారిగట్టు: అదా సంగతి!

కవర్‌డ్రైవ్: మీ సెలెక్టర్ మీద కోపానికి ఊలీ ఏం చేశాడండీ పాపం? మీడ్ ఉన్నన్నాళ్ళూ హాంప్‌షైర్ ఒక్క కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలవలేదు.

స్కోరుబుక్కు: అది మీడ్ తప్పా? 1919 నుంచి 39 దాకా 21 సీజన్లలో 12 యార్క్‌షైరే ఎగరేసుకుపోయింది. ఇంతకీ మీరు ఊలీ ఆట చూశారా? లేదు, చదివారు. అందంగా ఆడేవాడి మీద పేజీలు పేజీలు రాస్తారు. మీడ్ గురించి ఎవరు రాస్తారు? అందుకే అంకెలు పట్టుకున్నాను.

కవర్‌డ్రైవ్: ఇప్పుడు అసలు మాటకొచ్చారు. నాకు క్రికెట్ అంటే టికెట్ కొన్నవాడి ఆట. ఊలీ గంటసేపు ఆడినా వాడి డబ్బులు గిట్టుబాటయ్యేవి.

స్కోరుబుక్కు: ఆ గంట తర్వాత ఎవరు ఆడతారు? 1928లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా మీద మీడ్ 73 చేశాడు, ఇంగ్లండ్ 675 పరుగుల తేడాతో గెలిచింది. అదే అతని ఆఖరి టెస్టు.

కవర్‌డ్రైవ్: ఆ టూర్‌కి ఊలీని అసలు తీసుకెళ్ళనేలేదు! హామండ్ 905 పరుగులు చేసిన సిరీస్ అది. ఎవర్ని తీసేసి మీడ్‌ని ఆడించాలో పేరు చెప్పండి.

స్కోరుబుక్కు: చాప్‌మన్‌ని. కెప్టెన్ కదా అనకండి, అమెచ్యూర్ కాబట్టే కెప్టెన్. నా గేటు కథ తేలిపోయిందన్నారుగా?