రక్తపోటులో ‘పోటు’ ఉంది, ‘పాటు’ ఏది?

ఒక వైద్య వ్యాసాన్ని తెలుగులోకి తెస్తూ ‘అల్ప రక్తపోటు’ దగ్గర ఆగిపోయాను. పోటు అంటేనే పొడవడం, పొంగడం. కత్తిపోటు, తలపోటు, సముద్రపు పోటు, ఎక్కడ చూసినా ఒత్తుకొచ్చేదే. అందుకేనేమో ‘ఆయనకు రక్తపోటు ఉంది’ అంటే ఎక్కువగా ఉందనే అనుకుంటాం. నిజానికి అది ప్రాణమున్న ప్రతివారికీ ఉండేదే. మరి తగ్గితే? సముద్రం వెనక్కి తగ్గడం ‘పాటు’. ‘పడు’ నుంచి వచ్చిన మాట. రక్తానికి పాటు ఎందుకు లేదు?

ఈ సందేహం అధివృక్క గ్రంథుల దగ్గర పుట్టింది. వృక్కం అంటే మూత్రపిండం, దానిమీద కూర్చున్నది అధివృక్కం. (‘అధివృక్షం’ అని అచ్చయిన కాగితం ఒకటి నా దగ్గరుంది. గ్రంథిని చెట్టెక్కించారు.) నాలుగైదు గ్రాములు తూగే ఈ గ్రంథి పొంగునూ తగ్గునూ రెండింటినీ శాసిస్తుంది. బెదిరినప్పుడు దాని లోపలి భాగం అడ్రినలిన్ వదిలితే గుండె పరుగెత్తుతుంది. అది క్షణాల వ్యవహారం.

నిలకడగా సాగే పని పై పొరలో తయారయ్యే హార్మోన్ ఆల్డోస్టిరాన్‌ది. తనకు చేరే రక్తం తగ్గిందని పసిగట్టిన మూత్రపిండం రెనిన్ వదులుతుంది. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తూనే ఆల్డోస్టిరాన్‌ను రప్పిస్తుంది. ఇది మూత్రంలో పోబోయే సోడియాన్ని వెనక్కి లాగి, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. సోడియం వెంట నీరు వస్తుంది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని పెద్దలు అన్నది వేరే ఉద్దేశంతోనే గానీ, మూత్రపిండం ఆ సామెతను అక్షరాలా పాటిస్తుంది. నీరు నిలిచి రక్తం పరిమాణం పెరిగితే పోటు పెరుగుతుంది.

ఆల్డోస్టిరాన్ మితిమీరితే 1955లో జెరోమ్ కాన్ వర్ణించిన జబ్బు. గ్రంథే పాడైతే 1855లో థామస్ అడిసన్ వర్ణించినది: ఉప్పూ నీరూ జారిపోతాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఉప్పు కోసం నాలుక పీకుతుంది. ఇదిగో, ఇక్కడే నాకు మాట కావాలి. ‘అల్ప రక్తపోటు’ చిన్న పొంగులా వినిపిస్తోంది. మీరైతే ఏం రాస్తారు? (కింద ఉన్నవి చదివినవారి జవాబులు, చివరిది నాది.)

— ‘రక్తపీడనం’ అని రాయండి. వాతావరణ పీడనం పెరుగుతుంది, తగ్గుతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

— పీడన అనగానే బాధ గుర్తొస్తుందండీ. పోటులో తప్పేమీ లేదు. మణికట్టు పట్టి చూడండి, వేలికి వచ్చి తగిలేది పోటే. 120/80లో గుండె ముడుచుకున్నప్పటి 120 పోటు, సడలినప్పటి 80 పాటు. మీరు వెతుకుతున్న పాటుకు అప్పుడే కొలువు దొరికింది.

— మాట సంగతి అటుంచి, అతిమధురాన్ని (ఆ తియ్యటి వేరును) మరిచారు. మూత్రపిండంలో, అధివృక్కమే వదిలే మరో హార్మోన్ కార్టిసాల్‌ను అణచే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఇక కార్టిసాలే ఆల్డోస్టిరాన్ వేషం కట్టి ఉప్పును పట్టి ఉంచుతుంది. ఎక్కువగా తింటే పేరులోని ‘అతి’ ఊరకే పోదు.

— 120/80 మాట బాగుంది. పాటును ఆ 80కే వదిలేస్తున్నాను. అడిసన్ రోగి వాక్యంలో ‘రక్తపోటు పడిపోతుంది’ అని రాశాను. అందరూ అనేదే. నేను వెతికిన ‘పడు’ అందులోనే ఉంది.