కెర్నల్ సొంతంగా బిల్డ్ చేశాక పోర్టులు చచ్చాయి, మౌస్ మాత్రం బతికే ఉంది

తెనాలి_టక్స్:
అందరికీ నమస్తే. డెబియన్ 12 లినక్స్‌తో వచ్చిన 6.1 కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) పక్కనబెట్టి 6.12 సోర్సు దింపుకుని బిల్డ్ చేశా. డిస్ట్రో కాన్ఫిగ్‌తో (డెబియన్ వాళ్లిచ్చే సెట్టింగుల ఫైలు) అయితే నా పాత ల్యాప్‌టాప్ తెల్లార్లూ తిరుగుతూనే ఉంటుందని ఎవరో అంటే మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టా. చకచకా అయిపోయింది. బూట్ అయింది, వైఫై వచ్చింది. కానీ పెన్‌డ్రైవ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్‌ఫేసే కనబడట్లేదు. ఆర్డ్యునో క్లోన్ బోర్డుకి లైట్ వెలుగుతుంది గానీ టీటీవై యూఎస్‌బీ0 (దానితో మాట్లాడే సీరియల్ పోర్టు) పుట్టట్లేదు. అదే పోర్టులో మౌస్ పెడితే శుభ్రంగా పనిచేస్తోంది! పాత కెర్నల్‌లోకి వెళ్తే అన్నీ మామూలే. ఏంటిది? పనిలో పనిగా హెడ్‌ఫోన్ జాక్‌లో చిన్న గరగర వస్తోంది, అదీ దీనివల్లేనా? బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే ఏ ఆప్షన్లు తీసేయాలో కూడా చెప్పండి.

సీటీసీ_శీను:
అన్నా, మౌస్ నడుస్తుందంటే పోర్టు మంచిగనే ఉంది. ఫస్టు గది మనసుల పెట్టుకో. మా దుకాణానికి గిట్లనే ఒకాయన వచ్చిండు, మదర్‌బోర్డు మార్చమని పైసలు పట్టుకొని. వేరే లినక్స్ డిస్కుతోని బూట్ చేసి చూపిస్తే నాలుగు పోర్టులు నడిచినయ్. సాఫ్ట్‌వేర్ రోగానికి బోర్డు మారుస్తామా? వాపస్ పంపిన. సికింద్రాబాద్‌ల ఇంకో దుకాణమైతే బిల్లు కొట్టేసేటోళ్లు.

జెంటూ_జయ:
తెనాలి గారూ, ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. పెన్‌డ్రైవ్ పేరు జాబితాలో వస్తే పోర్టుల్ని నడిపే కంట్రోలర్ డ్రైవర్ (ఎక్స్‌హెచ్‌సీఐ) బాగానే ఉన్నట్టు. తర్వాత అదే కమాండ్‌కి మైనస్ టీ తగిలించండి. ప్రతి వస్తువు పక్కనా డ్రైవర్ ఈక్వల్స్ అని ఉంటుంది. మౌస్ పక్కన యూఎస్‌బీహెచ్‌ఐడీ ఉంటుంది, మీ పెన్‌డ్రైవ్ పక్కన ఖాళీగా ఉంటుంది, చూడండి.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ చేసేది ఒక్కటే: ఆ నిమిషాన ఎల్ఎస్‌మాడ్‌లో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లు (విడిగా ఎక్కించే డ్రైవర్ ముక్కలు) ఉంచుతుంది, మిగతావి తీసేస్తుంది. బంతిలో కూర్చున్నవాళ్లకే విస్తళ్లు లెక్కపెట్టి మిగిలిన ఆకులు పారేయడమన్నమాట. మీరు అది కొట్టినప్పుడు మౌస్ తగిలించి ఉంది, పెన్‌డ్రైవ్, ఫోన్, ఆర్డ్యునో లేవు. కాబట్టి వాటి డ్రైవర్లు యూఎస్‌బీ స్టోరేజ్, ఆర్‌ఎన్‌డీఐఎస్ హోస్ట్, సీహెచ్341 మూడూ ఎగిరిపోయాయి.

పాతకాపు:
నేను 2.4 కెర్నల్ రోజుల నుంచీ చేస్తున్నా. చేతికి పనిచెప్పకుండా స్క్రిప్టులు నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది. ఆ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ 2.6.32లో వచ్చింది, అంటే 2009. అప్పటిదాకా మేమంతా మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ సెట్టింగుల మెనూ) ఒక్కో లైనూ చదివి పెట్టుకున్నవాళ్లమే. నా మాట విను తమ్ముడూ. అసలు మాడ్యూళ్లే వద్దు. అన్నిటికీ వై పెట్టు (కెర్నల్లోనే కలిసిపోతాయి), ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైళ్ల మూట) పీకి పారెయ్. పోర్టు పోయే ప్రసక్తే ఉండదు.

జెంటూ_జయ:
అన్నిటికీ వై పెట్టాక వైఫై ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్ ఫైలు) ఎక్కడినుంచి వస్తుంది సార్? ఇంటెల్ వైఫై డ్రైవర్ కెర్నల్లోనే కూర్చుంటే రూట్ (సిస్టమ్ ఉన్న డిస్కు భాగం) మౌంట్ అవకముందే లేచి ఫర్మ్‌వేర్ అడుగుతుంది. డిస్కు ఇంకా లేదు. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల జాబితా) ఎర్రర్ మైనస్ 2, అంటే ఫైలు లేదని పడుతుంది. ఇప్పుడు ఆయనకి పనిచేస్తున్నది అదొక్కటే, దాన్నీ చంపేస్తారా?

పాతకాపు:
ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ అనే ఆప్షన్ ఒకటుంది, అందులో ఫైలు పేరు రాస్తే కెర్నల్ ఇమేజ్‌లోనే కలిసిపోతుంది. ఈమాత్రం తెలియనివాళ్లు కూడా అన్నీ సొంతంగా బిల్డ్ చేసుకునే జెంటూ లినక్స్ పేరు పెట్టుకుంటే ఎలాగమ్మా.

జెంటూ_జయ:
అమ్మా గిమ్మా వద్దు. ఆ ఆప్షన్ నాకూ తెలుసు, నేను వాడుతున్నా కూడా. మొదటిసారి బిల్డ్ చేసినాయనకి ఫర్మ్‌వేర్ ఫైళ్ల పేర్లు వెతికి రాసుకోమని చెప్పడం సలహా కాదు, శిక్ష. పైగా లేని డ్రైవర్‌కి వై పెట్టినా ఎం (మాడ్యూల్‌గా) పెట్టినా ముందు అది ఏదో తెలియాలి కదా. అసలు సమస్య అక్కడుంది.

సీటీసీ_శీను:
ఎం పెడితే ఇంకో ఫాయిదా ఉంది సార్. యూఎస్‌బీ మొత్తం ఆగిపోయినప్పుడు ఎక్స్‌హెచ్‌సీఐ పీసీఐ మాడ్యూల్ తీసి మళ్ల పెడితే లేస్తది, రీబూట్ అక్కర్లే. వై పెడితే ఎట్ల తీస్తరు?

పాతకాపు:
సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ పరికరాల్ని ఫైళ్లలా చూపే చోటు) పీసీఐ డ్రైవర్ల కింద ఎక్స్‌హెచ్‌సీఐ హెచ్‌సీడీ అని డైరెక్టరీ ఉంటుంది. అందులో అన్‌బైండ్ ఫైల్లోకి పీసీఐ అడ్రస్ రాసి, మళ్లీ బైండ్‌లోకి రాయి. వై అయినా ఎం అయినా ఒకటే. దుకాణంలో కూర్చుంటే ఇవన్నీ ఎలా తెలుస్తాయి.

సీటీసీ_శీను:
దుకాణం మాట ఎందుకు సార్? మీ అసుంటోళ్లు పాడుచేసినవే మా దుకాణానికి వస్తయ్.

మోడరేటర్:
ఇద్దరూ ఆపండి. వై-ఎం గొడవకి ఇక్కడ ముందే మూడు థ్రెడ్లున్నాయి. తెనాలి గారి ప్రశ్నకి రండి.

డాలస్_దొర:
పోర్టుల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాదీ సొంత కెర్నలే, యూఎస్‌బీ అంతా ఓకే. హెచ్‌డీఎంఐ పోర్టు పోయింది. ల్యాప్‌టాప్ స్క్రీన్ వస్తుంది, బయటి టీవీ రాదు. రెండు గ్రాఫిక్స్ ఉన్న మెషీన్, ఇంటెల్, ఎన్విడియా.

జెంటూ_జయ:
ఇలాంటి చాలా ల్యాప్‌టాప్‌ల్లో హెచ్‌డీఎంఐ తీగ ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది. లోపలి స్క్రీన్ ఇంటెల్‌ది. కొత్త కెర్నల్‌కి డీకేఎంఎస్ (బయటి డ్రైవర్లని ప్రతి కెర్నల్‌కీ బిల్డ్ చేసే టూల్) ఎన్విడియా మాడ్యూల్ బిల్డ్ చేసిందో లేదో, డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టి చూడండి. హెడర్స్ (ఆ బిల్డ్‌కి కావలసిన కెర్నల్ ఫైళ్లు) లేకపోతే చేయదు. మేక్ బిన్‌డెబ్-పీకేజీతో బిల్డ్ చేస్తే ఇమేజ్‌తోపాటు హెడర్స్ డెబ్ కూడా వస్తుంది. జనం ఇమేజ్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేసి రెండోది వదిలేస్తారు.

ఎల్‌ఈడీ_బ్లింక్:
అక్కా నాదీ ఆర్డ్యునో ప్రాబ్లమే, కానీ నేను కెర్నల్ ముట్టుకోలేదు. ఉబుంటు 22.04. సీహెచ్340 బోర్డు పెట్టగానే టీటీవై యూఎస్‌బీ0 వచ్చి వెంటనే మాయమైపోతోంది. డీమెసేజ్‌లో బీఆర్ఎల్‌టీటీవై అని ఏదో పడుతోంది. ల్యాబ్ ఎగ్జామ్ దగ్గరపడింది.

పాతకాపు:
అదొక చెత్త ప్యాకేజీ. రిమూవ్ కొట్టు, పీడా పోతుంది.

చుక్కల_లిపి:
చెత్త అనేముందు అదేంటో కనుక్కోండి. చూపులేనివాళ్లు వాడే బ్రెయిల్ డిస్‌ప్లేని లినక్స్‌తో మాట్లాడించేది అదే. మా తమ్ముడు రోజూ దానితోనే పనిచేస్తాడు. గొడవ ఎక్కడొచ్చిందంటే, కొన్ని బ్రెయిల్ పరికరాల్లోనూ ఈ చవక బోర్డుల్లోనూ ఒకే సీహెచ్340 చిప్ ఉంది, రెండింటి ఐడీ 1ఏ86:7523. ప్లగ్ చేయగానే యూడెవ్ (పరికరాల్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్) రూల్ అది బ్రెయిల్ అనుకుని లాగేసుకుంటుంది. బ్లింక్, ఆ రూల్ ఫైల్లో 1ఏ86:7523 ఉన్న లైను ఒక్కటే కామెంట్ చెయ్యి. ప్యాకేజీ ఉండనీ. నీ మెషీన్ వేరేవాళ్లెవరూ వాడకపోతే తీసేసినా నష్టం లేదు, అది నీ ఇష్టం.

పాతకాపు:
సరే, చెత్త అనే మాట వెనక్కి. కానీ డిఫాల్ట్‌గా అందరి నెత్తినా ఎందుకు?

చుక్కల_లిపి:
కొత్త మెషీన్ ముందు కూర్చున్న మొదటి నిమిషం నుంచే మా తమ్ముడిలాంటివాడికి ఆ బ్రెయిల్ తెర కావాలి కాబట్టి. ఎవరో వచ్చి ఇన్‌స్టాల్ చేసిపెట్టేదాకా ఆగమంటారా?

తెనాలి_టక్స్:
జయ గారూ, మీరు చెప్పినట్టే మైనస్ టీలో మూడింటి పక్కనా డ్రైవర్ ఖాళీ. మళ్లీ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టేముందు ఇంట్లో ఉన్నవన్నీ గుచ్చాలా? ప్రింటర్, వెబ్‌క్యామ్ ఇంకోచోట ఉన్నాయి.

జెంటూ_జయ:
పాత కెర్నల్‌లోకి వెళ్లి ఒక్కోటి తగిలించి తీసినా సరే, మాడ్యూల్ లోడయ్యే ఉంటుంది. ఆర్చ్ లినక్స్ వాళ్ల మోడ్‌ప్రోబ్డ్-డీబీ అయితే కొన్నాళ్లపాటు ఏవేవి లోడయ్యాయో రాసిపెడుతుంది. ఇంకో దారి ఎల్ఎంసీ కీప్ అనే వేరియబుల్: డ్రైవర్స్/యూఎస్‌బీ అని ఇస్తే ఆ డైరెక్టరీలో మాడ్యూళ్లు తీయదు. ఇక్కడో తిరకాసు ఉంది. స్టోరేజ్, సీరియల్ అందులోనే ఉంటాయి గానీ ఫోన్ టెథరింగ్ డ్రైవర్ డ్రైవర్స్/నెట్/యూఎస్‌బీలో ఉంటుంది. రెండూ ఇవ్వండి, మధ్యలో కోలన్. ఫైల్‌సిస్టమ్‌ల కోసం ఎఫ్ఎస్ కూడా కలపండి, లేకపోతే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్ కనబడుతుంది గానీ మౌంట్ కాదు.

పాతకాపు:
ఇది మంచి మాట. రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ మీద నేనో క్లయింటుకి చేసిపెట్టా. నాలుగు యూఎస్‌బీ పోర్టులూ చచ్చి ఉన్నాయి, వాళ్ల ఇంజినీర్లంతా యూఎస్‌బీ ఆప్షన్లు తిరగేస్తున్నారు. ఆ బోర్డులో ఆ నాలుగూ వీఎల్805 చిప్ మీద ఉంటాయి, ఆ చిప్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద ఉంటుంది. బ్రాడ్‌కామ్ పీసీఐఈ డ్రైవర్ తీసేశారు మహానుభావులు! అది పెట్టగానే లేచి కూర్చుంది.

ఎల్‌ఈడీ_బ్లింక్:
మా ల్యాబ్‌లో పై 3 ఉంది సార్, దానికీ అంతేనా?

పాతకాపు:
కాదు. దాంట్లో పీసీఐ లేదు. ఈథర్‌నెట్ కూడా యూఎస్‌బీ మీదే నడుస్తుంది, యూఎస్‌బీ పోతే నెట్టూ పోతుంది. ఎగ్జామ్ చదువుకో ముందు.

తెనాలి_టక్స్:
పెన్‌డ్రైవ్, టెథరింగ్ వచ్చేశాయి. టీటీవై యూఎస్‌బీ0 కూడా పుట్టింది, కానీ అప్‌లోడ్ కొడితే పర్మిషన్ డినైడ్ అంటోంది.

ఎల్‌ఈడీ_బ్లింక్:
ఇది నాకు తెలుసు! సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయల్‌అవుట్ గ్రూప్‌లో మీ యూజర్‌ని చేర్చి లాగౌట్ అయి రండి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు.

డాలస్_దొర:
హెడర్స్ డెబ్ వేశాక డీకేఎంఎస్ తనే బిల్డ్ చేసుకుంది. హెచ్‌డీఎంఐ వచ్చింది, థాంక్స్ జయ గారూ. బొమ్మ బ్రహ్మాండం, టీవీలో సౌండ్ మాత్రం లేదు. ఇదే కాన్ఫిగ్‌లో ఏం పెట్టాలి?

సీటీసీ_శీను:
కాన్ఫిగ్ తర్వాత సూద్దాం దొరా. టీవీ రిమోట్ల మ్యూట్ ఉందేమో చూసినవా?