అల్లూరికి పెద్ద స్మారకం ఎక్కడ ఉండాలి: భీమవరంలోనా, మన్యంలోనా?

కొండగాలి: అల్లూరి 125వ జయంతికి, 2022 జూలై 4న, భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. ఆయన సమాధేమో కృష్ణదేవిపేటలో ఉంది. పోరాడింది, ప్రాణం పోయింది మన్యంలో. అంత పెద్ద స్మారకం ముందు అక్కడ కదా రావాలి?

గునుపూడి కుర్రాడు: మళ్లీ మొదలెట్టారా? ఆయన సొంతూరు మోగల్లు, భీమవరం పక్కనే. మా ఊరి మనిషికి మేం విగ్రహం పెట్టుకుంటే ఎవరికి నొప్పి?

పాతకాగితం: పుట్టింది పాండ్రంగిలో. విశాఖ జిల్లా, పద్మనాభం మండలం.

గునుపూడి కుర్రాడు: కాన్పుకి పుట్టింటికెళ్తే అదే సొంతూరైపోద్దా? మా అక్క కొడుకు చెన్నైలో పుట్టాడు, వాడిని తమిళుడంటారా?

పాతకాగితం: నేను పుట్టిన చోటు చెప్పాను. సొంతూరు మాట ఎత్తలేదు. సరిగ్గా చదవండి.

విశాఖవాసి: జై అల్లూరి. ఎక్కడుంటే ఏంటండీ.

కొండగాలి: ఇద్దరూ ఊరు దగ్గరే ఆగిపోయారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. ఎందుకు? 1882 అటవీ చట్టంతో పోడుకి అడ్డు పడ్డారు. నర్సీపట్నం, చింతపల్లి రోడ్డుకి మావాళ్ల చేత వెట్టి చేయించారు. మా మామయ్య పోడు పట్టా కోసం ఇప్పటికీ తిరుగుతున్నాడు. ఏ ఆఫీసుకెళ్లినా 'సర్వే కావాలి' అంటారు. విగ్రహం ఎత్తు దాకా వచ్చేసరికి మాత్రం కొలతలు పక్కాగా ఉంటాయి.

గునుపూడి కుర్రాడు: మీ మామయ్య పట్టాకీ విగ్రహానికీ ఏంటి సంబంధం? అది ప్రభుత్వం సొమ్ముతో పెట్టింది కాదు, క్షత్రియ సేవా సమితి పెట్టింది. మా నాన్న పెన్షన్ డబ్బుల్లోంచి చందా ఇచ్చాడు. ఆయన్ని తప్పు పట్టకండి.

కొండగాలి: మీ నాన్నగారిని ఏమీ అనలేదు. మీరే అన్నారుగా ఎవరు పెట్టారో. అసలు విషయం అదే.

గునుపూడి కుర్రాడు: అంటే కులం గొడవన్నమాట. నేరుగా అనొచ్చుగా!

కొండగాలి: సరే, అంటున్నాను. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర లేకపోతే రాజుగారు కొండల్లో ఎన్నాళ్లుండేవారు? రాజుగారిని 1924 మే 7న కొయ్యూరులో కాల్చేశారు. గంటం దొర ఆ తర్వాత పోరులోనే చనిపోయాడు. మల్లు దొర జైలు నుంచి బయటికొచ్చి 1952లో ఎంపీ అయ్యాడు. మీ కాలేజీలో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు? మీకు ఆయన మీ కులపాయన. మాకు మా పోరాటానికి వచ్చి నాయకుడైన మనిషి. ఆ రెండూ ఒకటి కావు.

గునుపూడి కుర్రాడు: ఆయన్ని మాకు కాకుండా చేద్దామనే కదా! మేం పెట్టుకున్నది మేం పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి, కాదన్నామా?

పాతకాగితం: ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో ఆయన పేరుతో జిల్లా వచ్చింది, కేంద్రం పాడేరు. కానీ కృష్ణదేవిపేట గొలుగొండ మండలం, అంటే అనకాపల్లి జిల్లా. ఆయన సమాధి ఆయన జిల్లాలోనే లేదు.

కొండగాలి: ఇది ముందే చెప్పాల్సింది మీరు.

గునుపూడి కుర్రాడు: జిల్లాల విభజన కూడా మా తప్పేనా ఇప్పుడు?