కడుపులో ‘బల్ల’ అంటే ఏ బల్ల?

విశాఖలో స్కాన్ గదిలో రోజంతా పొట్టలు చూసే పని నాది. మొన్న పాడేరు వైపు నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. పడుకుంటూనే ఎడమ డొక్కలో తనే చెయ్యి వేసి, “బల్ల పెరిగింది తల్లీ, సూడు” అన్నాడు. పక్కనున్న కుర్ర డాక్టరమ్మ “ఏ బల్ల?” అని అడిగింది. నాకు మనసు చివుక్కుమంది. ఆయన చూపించిన చోటే ప్రోబ్ పెట్టాను. ఆయన బల్ల అన్నది ప్లీహాన్నే (స్ప్లీన్), అది 17 సెంటీమీటర్లుంది. మామూలుగా 12కి అటూ ఇటూ ఉండి, పక్కటెముకల చాటునే దాక్కుంటుంది, చేతికి దొరకదు.

చరకసంహిత చెప్పిన ఎనిమిది ఉదరరోగాల్లో ప్లీహోదరం ఒకటి. అక్కడ పెరిగిన ప్లీహానికి తాబేలుతో పోలిక. మనవాళ్లకి అదే చెక్కబల్లలా తగిలింది. తడిమి చూసిన చేతిలోంచి పుట్టిన మాట ఇదని నా నమ్మకం. ఇలాంటి మాట పోకూడదు.

కాకపోతే ఒక చిక్కుంది. మన్యంలో బల్ల అనగానే మలేరియా గుర్తొస్తుంది. చలిజ్వరం మళ్లీ మళ్లీ వస్తే, చెడిన ఎర్రకణాలను ఏరిపారేసే పనిలో ప్లీహం పెరుగుతుంది. ఈయనది అది కాదు, సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడే జబ్బు. జబ్బు కుడివైపు కాలేయంలో ఉంటే వాపు ఎడమవైపు కనిపిస్తోంది. ఇది ఎలా చెప్పాలి? మన గెడ్డలే, అంటే కొండవాగులే, అక్కరకొచ్చాయి. “తాతా, గెడ్డకి అడ్డం పడితే నీరెటు పోతాది?” అన్నాను. “ఎగదన్నుతాది” అన్నాడు వెంటనే. అంతకంటే మంచి మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కాలేయం మచ్చలుపడి గట్టిపడితే లోపలికి పోవలసిన రక్తం ప్లీహంలోకి ఎగదన్నుతుంది. ఉబ్బిన ప్లీహం, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. లక్షన్నరకి పైన ఉండాల్సినవి ఈయనకి 62 వేలే.

—

మేడమ్ గారూ, మా ఊళ్లో బల్లకి వాతలు పెట్టేవారు. మా చిన్నాన్న పొట్టమీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక సందేహమండీ. కాలేయంలోకి రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్‌ని ఇంటర్‌లో ‘కాలేయ నిర్వాహక సిర’ అని చదివాం. అది ఏం నిర్వహిస్తుంది?

—

మంచి ప్రశ్న అడిగారండీ, అసలు పేరుకీ నిర్వహణకీ సంబంధం లేదు. లాటిన్‌లో ‘పోర్టా’ అంటే ద్వారం. కాలేయం అడుగున రక్తనాళాలు లోపలికి పోయే గుమ్మానికి ఆ పేరు. ‘ద్వారసిర’ అంటే పిల్లలకి ఇట్టే తెలిసేది. పేగుల రక్తం, ప్లీహం రక్తం కలిసి ఈ గుమ్మంలోంచే పోతాయి, కాలేయానికి అందే రక్తంలో ముప్పాతిక వంతు ఇదే. జబ్బు బాగా ముదిరితే ప్రవాహం వెనక్కి కూడా మళ్లుతుంది. రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపే డాప్లర్ తెరమీద ఎర్రగా కనిపించాల్సిన సిర నీలంగా కనిపించినప్పుడు నాకు కాసేపు మాట రాదు.

ఎగదన్నిన రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక కింది భాగంలో సిరలు ఉబ్బి, పగిలితే రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం. క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి. అందుకే ఎండోస్కోపీ చేయించుకోమని తాతకి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆ ఉబ్బుసిరలకి మీ ఊళ్లలో ఏమైనా పేరుందా? పెద్దవాళ్లనడిగి ఇక్కడ రాయండి.